కారు చోట కుర్చీ

ఆ వీధిలో ఇరవై కార్లున్నాయి. పంతొమ్మిదింటికే చోటుంది. కాబట్టి ఏ వేళ చూసినా ఒక కారు చోటు కోసం తిరుగుతూనే ఉండేది.

వీధికి ఒక చట్టం ఉండేది. దాన్ని ఎవరూ రాయలేదు, ఎవరూ తప్పలేదు. కారు బయటికి వెళ్తే ఆ చోటు ముందొచ్చినవాళ్లది. అలా పోకూడదనుకుంటే ఏదో ఒకటి అడ్డం పెట్టి వెళ్లాలి. ఇటుక పెడితే గంటసేపు ఆగేవారు. పూలకుండీ పెడితే పూటంతా ఆగేవారు. కుర్చీ వేస్తే ఒక రోజు. బస్సు కిటికీలోంచి సీటు మీద వేసిన తువ్వాలుకి ఎంత మర్యాద ఉందో కుర్చీకీ అంతే. కుర్చీ ఉందంటే మనిషి తిరిగి వస్తున్నాడని అర్థం. అయితే ఒక రోజుకు మించి చోటుని ఆపగలిగే వస్తువు మాత్రం ఆ వీధిలో ఇంకా ఎవరికీ దొరకలేదు.

వీధికి నడిమధ్యన నీలం గేటు ఇల్లొకటి. ఆ ఇంటాయన కారు సరిగ్గా గేటు ఎదుట ఆగేది. ఒక జానెడు అటు కాదు, ఇటు కాదు. చూసినవాళ్లు చాదస్తం అనుకునేవారు. ఆయనకి అది చాదస్తం కాదు, లెక్క.

ఆయన భార్య కాళ్లు ఆమె మాట వినడం మానేసి రెండేళ్లయింది. ఆయన చెయ్యి పట్టుకుంటే పద్నాలుగు అడుగులు వేయగలదు. మంచం నుంచి గుమ్మానికి ఐదు. గుమ్మం నుంచి గేటుకి నాలుగు. గేటు నుంచి కారు తలుపుకి ఐదు. పదిహేనో అడుగు ఆమె దగ్గర లేదు. కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ పద్నాలుగు వస్తాయి, అంతే. చక్రాల కుర్చీ కొందామని ఒకసారి ఆయన అంటే ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. డాక్టరు కూడా ఉన్న అడుగుల్ని రోజూ వాడమనే చెప్పాడు. వాడకపోతే అవీ పోతాయట. అందుకని ప్రతి శుక్రవారం ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆమె నడిచే కారెక్కేది. పక్కన ఆయన పెదాలు కదుపుతూ లెక్కపెట్టేవాడు.

ఒక్కసారి తప్పింది. కిందటేడు ఒక శుక్రవారం ఆయన పెట్రోలు పోయించుకుని వచ్చేసరికి ఆ చోటులో ఎదురింటాయన రెండో కారు ఉంది. ఈయన కారు కాస్త ముందుకి తీసుకెళ్లి ఆపాల్సి వచ్చింది. పద్నాలుగో అడుగు అయ్యేసరికి కారు ఇంకా దూరంగానే ఉంది. ఆమె నడిరోడ్డు మీద కూర్చుండిపోయింది. రెండు వైపులా బళ్లు ఆగిపోయి హారన్లు కొట్టాయి. ఆయన ఆమెను ఎత్తుకుని కారులో కూర్చోబెట్టాడు. ఆ మోత ఆయన చెవుల్లో ఇంకా ఉంది. తర్వాత ఆ సంగతి ఆయన ఎత్తలేదు, ఆమె ఎత్తలేదు. ఎదురింటాయనతో మాత్రం ఆయన మాట్లాడడం మానేశాడు.

ఎదురింటాయనకి కార్లు రెండు, గేటు ఒకటి. వీధిలో తిరిగే కారు ఎప్పుడు చూసినా ఆయనదే.

ఎండలు ముదిరాక ఒక శనివారం నీలంగేటాయన కారు మొండికేసింది. మెకానిక్ వచ్చి చూసి, గేర్‌బాక్సు విప్పాలన్నాడు, షెడ్డుకి లాక్కుపోతూ గురువారానికి ఇచ్చేస్తానన్నాడు. శుక్రవారం ఆసుపత్రికి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా చోటుతోనే. అన్ని రోజులు దాన్ని ఆపడం ఎలా?

ఆయన హాల్లో ఉన్న టేకు కుర్చీని మోసుకొచ్చాడు. పేము అల్లిన కుర్చీ, చేతులున్నది, ఒక మనిషి కాలితో తన్నితే కదలనిది. దాన్ని చోటుకి నట్టనడుమ వేసి లోపలికొచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. కాసేపటికి ఎదురింటాయన బయటికొచ్చాడు. కుర్చీని చూశాడు. తర్వాత చేతి గడియారం చూసుకుని లోపలికి వెళ్లాడు. గడియారం చూశాడంటే రేపు ఇదే వేళకి వస్తాడన్న మాట.

మర్నాడు ఆ వేళ దగ్గరపడుతుండగా గొడుగు వేసుకుని ఒక ముసలాయన ఆ దారిన వచ్చాడు. ఆయనది ఆ వీధి కాదు, ఆ చట్టం ఆయనకి తెలియదు. ఒక చేతిలో కూరగాయల సంచీ ఉంది. కుర్చీని చూసి ఆగాడు. గొడుగు మడిచాడు, సంచీ కింద పెట్టాడు, కూర్చున్నాడు. కూర్చుని, నీలం గేటు వైపు తిరిగి, "అమ్మా, కాసిని మంచినీళ్లు," అని కేకేశాడు.

ఇంటాయన గేటు తీసుకుని గబగబా బయటికొచ్చాడు. లేవమని చెప్పడానికే వచ్చాడు. అంతలో లోపల్నుంచి భార్య గొంతు వినిపించింది, ఎవరో దాహమంటున్నారు, వినపడలేదా అని. ఆయన వెనక్కి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చాడు.

ముసలాయన సగం తాగి మిగతా సగంతో ముఖం కడుక్కున్నాడు.

"ఇది కారు కోసం వేసిన కుర్చీ అండీ," అన్నాడు ఇంటాయన.

"కారు కూర్చుంటుందా బాబూ?"

"కారు చోటు ఎవరూ తీసుకోకుండా వేశాను."

ముసలాయన ఈ మాట గురించి కాసేపు ఆలోచించాడు. తను పుట్టిన ఊళ్లో ఇంటి ముందు కుర్చీ వేశారంటే దారినపోయేవాణ్ని కూర్చోమనేనని చెప్పాడు. కూర్చున్నవాడు మంచినీళ్లు అడగకపోతే ఇంటివాళ్లు నొచ్చుకుంటారట. అందుకే అడిగానని, నిజానికి అంత దాహమేమీ లేదని కూడా ఒప్పుకున్నాడు. బజారు నుంచి తన ఇంటికి రెండు కిలోమీటర్లట, మధ్యలో నడుం వాల్చడానికి ఒక్క అరుగు లేదట. ఉన్న అరుగులన్నీ కొట్టేసి కార్లెక్కడానికి ర్యాంపులు కట్టుకున్నారు.

"ర్యాంపు మీద కూర్చుందామంటే మనిషి జారిపోతాడు బాబూ," అన్నాడు.

సరిగ్గా అప్పుడే ఎదురింటాయన తాళంచెవి పట్టుకుని బయటికొచ్చాడు. కుర్చీలో మనిషిని చూసి ఆగిపోయాడు. కుర్చీ గడువు తీరింది, నిజమే. కానీ మనిషి కూర్చున్న కుర్చీని జరపడం గురించి చట్టంలో ఏమీ లేదు. కాసేపు నిలబడి, గొంతు సవరించుకుని, వెనక్కి వెళ్లాడు.

నీలంగేటాయన ఇది చూశాడు. అన్నాళ్లూ వీధిలో ఎవరికీ దొరకని వస్తువు ఆయనకి దొరికింది.

"రేపు కూడా రండి," అన్నాడు ముసలాయనతో. ఆ పిలుపులో మర్యాద ఎంత ఉందో ఎత్తు కూడా అంతే ఉంది.

ముసలాయన పొద్దున్న ఒక గంట సరిపోతాడు. మరి మధ్యాహ్నానికో? వీధిలో బండి మీద బట్టలు ఇస్త్రీ చేసే ఆమె ఒకతె ఉండేది. ఆమె బండి ఏ చెట్టు నీడన ఆగినా గంటకల్లా ఒక కారు వచ్చి హారన్ కొట్టేది. ఆమె బొగ్గుల ఇస్త్రీపెట్టె దించి, బట్టల మూటలు సర్దుకుని, ఇంకో నీడకి తోసుకుపోయేది. ఆయన ఆమెను పిలిచి బండి తన గేటు ముందు పెట్టుకోమన్నాడు, కుర్చీ పక్కన. ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. అన్నేళ్లలో ఆయన ఆమెతో మాట్లాడింది చొక్కా కాలరు గురించి మాత్రమే. సరేనని బండి తెచ్చి పెట్టుకుంది.

సాయంత్రానికి పక్కింటి అన్నదమ్ములిద్దర్నీ కుదిర్చాడు. వాళ్లు రోజూ మోటారుసైకిలుకి ఆనుకుని నిలబడి వచ్చేపోయేవాళ్లని చూస్తుండేవారు. ఆయన రెండు స్టూళ్లు తెచ్చి వేశాడు. వాళ్లు క్యారం బోర్డు తెచ్చుకున్నారు. క్యారం బోర్డు ఉన్నచోటికి చూసేవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు. రాత్రిళ్లు ఎదురింటాయన నిద్రపోతాడు కాబట్టి కాపలా అక్కర్లేదు.

కోట చుట్టూ సైన్యాన్ని నిలబెట్టిన రాజులా ఆయన కిటికీ దగ్గర నిలబడి చూసుకునేవాడు. పొద్దున గొడుగు, మధ్యాహ్నం ఇస్త్రీ, సాయంత్రం క్యారమ్స్. మూడో రోజుకి నాలుగిళ్ల అవతలి ఆడవాళ్లు చేటల్లో చిక్కుడుకాయలు పోసుకుని వచ్చి అక్కడే ఈనెలు తీయడం మొదలుపెట్టారు. వాళ్లని ఆయన పిలవలేదు. అయినా కాపలాకి మంచిదేనని ఊరుకున్నాడు. వీధిలో మాత్రం నీలంగేటాయన మనసు మారింది, ఎంత మంచివాడయ్యాడో అని చెప్పుకున్నారు. ఆయన దాన్నీ కాదనలేదు.

భార్య తన మంచాన్ని కిటికీ పక్కకి జరపమంది. జరిపాడు. భోజనాల దగ్గర ఆమె ఆయనకి వార్తలు చెప్పేది. క్యారం ఆడే అన్నదమ్ముల్లో తమ్ముడు కావాలని ఓడిపోతున్నాడట. గొడుగాయన ఇంటికి తీసుకెళ్లే సంచీలో ఎప్పుడూ ఒక్క మనిషికి సరిపడా కూరలే ఉంటాయట. ఇవన్నీ ఎలా తెలుసని ఆయన అడిగితే, మీరు కుర్చీని చూస్తున్నారు, నేను కూర్చున్నవాళ్లని చూస్తున్నానంది.

బుధవారం పొద్దున ఆమె మంచం మీద లేచి కూర్చుంది. "నన్ను కూడా తీసుకెళ్లండి."

"ఎక్కడికి?"

"ఆ కుర్చీ దాకా."

ఆయన మనసులో లెక్కేశాడు. ఐదు, నాలుగు, ఐదు. కుర్చీ కారు తలుపు ఉండేచోటే ఉంది. చెయ్యి అందించాడు.

ఆమె గేటు దాటి రావడం చూసి కుర్చీలోని ముసలాయన లేచి, రామ్మా అని, పక్కన స్టూలు మీదకి మారాడు. పద్నాలుగో అడుగుకి ఆమె కుర్చీ చెయ్యి అందుకుని కూర్చుంది. ఊపిరి తీసుకుంది. అటూ ఇటూ వీధి చివర్ల దాకా చూసింది. రెండేళ్లుగా ఆ వీధిని ఆమె కారు అద్దంలోంచే చూస్తోంది.

ఇస్త్రీ ఆమె పెట్టెలో బొగ్గులు విసురుకుంటోంది. భార్య ఆమెను పరీక్షగా చూసి అడిగింది. "కిందటేడు నేను రోడ్డు మీద కూర్చుండిపోయిన రోజు నా కింద దుప్పటి పరిచింది నువ్వే కదూ?"

"నేనేనమ్మా. అప్పుడే ఇస్త్రీ చేసి పెట్టిన దుప్పటి, మూడో ఇంటోళ్లది. మళ్లీ ఉతికి, మళ్లీ ఇస్త్రీ చేసి ఇచ్చేశా. ఇప్పటికీ వాళ్లకి తెలీదు."

"వెచ్చగా ఉండింది," అంది భార్య. "లేవబుద్ధి కాలేదు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆయన గేటు పట్టుకుని నిలబడిపోయాడు. దుప్పటి ఆయనకి గుర్తు లేదు. ఎంత తవ్వినా ఆ రోజులోంచి హారన్లు తప్ప ఏమీ రాలేదు. ఒకే రోడ్డు మీద, ఒకే నిమిషంలో, ఆమెకి దొరికింది వేరు, తనకి దొరికింది వేరు. ఏడాదిగా తను అడగలేదు, ఆమె చెప్పలేదు.

మర్నాడు కూడా ఆమె బయటికొచ్చింది.

గురువారం సాయంత్రం మెకానిక్ కారు తెచ్చాడు. ఆయన ఎవరితోనూ ఏమీ అనకముందే ఇస్త్రీ ఆమె బండి పక్కకి లాగేసింది. అన్నదమ్ములు క్యారం బోర్డు చంకన పెట్టుకున్నారు.

"మా కాపలా అయిపోయినట్టేనా అయ్యగారూ?" అంది ఇస్త్రీ ఆమె.

ఆయన ముఖం ఎర్రబడింది. ఆమెకి మొదటిరోజే తెలుసట. అందరికీ తెలుసట.

"ఏ వంకన పిలిస్తే ఏముంది లెండి," అంది, "నిలబడ్డానికి చోటేగా మాకు కావలసింది."

కుర్చీ ఎత్తితే దాని కింద రోడ్డు మీద నాలుగు చిన్న గుంటలు కనిపించాయి. ఎండకి తారు మెత్తబడి కుర్చీ కాళ్లు దిగిపోయాయి. కారు ముందుకొచ్చి వాటిని కప్పేసింది. ఒక జానెడు అటు కాదు, ఇటు కాదు. శుక్రవారం భార్య పద్నాలుగు అడుగులు వేసి కారెక్కింది. అంతా ఎప్పటిలాగే జరిగింది.

శనివారం పొద్దున గొడుగాయన వచ్చాడు. కుర్చీ ఉండాల్సిన చోట కారుని చూశాడు. కారు ముందు కాసేపు నిలబడి, సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని వెళ్లిపోయాడు. ఇస్త్రీ బండి మళ్లీ నీడ నుంచి నీడకి తిరగసాగింది. కిటికీలోంచి చూస్తే కారు పక్కభాగం తప్ప ఏమీ కనిపించడం లేదు. రెండు రోజులు చూసి భార్య తెర వేసేయమంది. వార్తలు చెప్పడం మానేసింది. అవి లేవు కాబట్టి మానేసింది.

తర్వాతి శుక్రవారం ఆయన ఎప్పటిలాగే పెదాలు కదుపుతూ ఆమెను నడిపించాడు. గేటు దాటారు. పది అయింది. పదకొండు అయింది. ఆమె ఆగిపోయింది.

కారు ఎదురుగానే ఉంది. తలుపు తెరిచి ఉంది. చెయ్యి చాస్తే అందేటట్టుంది. అయినా అది మూడు అడుగుల దూరం. ఆ దూరం ఇప్పుడు ఆమె దగ్గర లేదు.

ఆయన ఎత్తుకుని లోపల కూర్చోబెట్టాడు. ఆమె కిందటేడు కంటే తేలిగ్గా ఉంది. దానికి ఆయనకి భయం వేసింది. కారు నడుపుతూ, రోజూ ఇంట్లోనే కాస్త నడవొచ్చు కదా అన్నాడు. కోపంగా అనలేదు, బతిమాలుతున్నట్టే అన్నాడు.

ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. "నడవాలంటే ఎక్కడికో ఒక చోటికి నడవాలి కదండీ."



ఆ సాయంత్రం ఆమెను ఇంట్లో దించి ఆయన మళ్లీ కారెక్కాడు. చోటులోంచి కారు బయటికి తీసి వీధి చివర బడి గోడ పక్కన పెట్టాడు. అక్కడ ఎవరూ పెట్టరు, ఎందుకంటే అది ఎవరి ఇంటికీ దగ్గర కాదు. తిరిగి నడిచి వస్తూ అలవాటు కొద్దీ లెక్కపెట్టుకున్నాడు. రెండువందల నలభై అడుగులు. ఇంటికొచ్చి టేకు కుర్చీ మోసుకొచ్చి వేశాడు. దాన్ని సర్దాల్సిన పని పడలేదు. కాళ్లు నాలుగూ వాటి గుంటల్లోకి అవే దిగాయి.

ఎదురింటాయన గేటు దగ్గర నిలబడి ఇదంతా చూశాడు. కారు షెడ్డుకి వెళ్లలేదు, ఊరికి వెళ్లలేదు. ఉన్న కారుని తీసేసి ఖాళీ చోటుకి కుర్చీ వేసిన మనిషిని ఆయన ఆ వీధిలో ఇదే చూడడం. గడియారం చూసుకోవడం మర్చిపోయాడు.

ఈసారి నీలంగేటాయన ఎవర్నీ కుదర్చలేదు. అయినా మర్నాడు గొడుగాయన వచ్చాడు. కారు పోయిందా బాబూ అని అడిగి, పోలేదు ఉందని తెలుసుకుని, కూర్చుని, మంచినీళ్లడిగాడు. దాహం లేకుండానే అడిగాడు. ఇస్త్రీ ఆమె బండి తెచ్చుకుంది. చేటలొచ్చాయి. ఆదివారం భార్య మంచం దిగింది. మొదటిరోజు గేటు దగ్గర స్టూలు వేయాల్సి వచ్చింది. మంగళవారానికి పదమూడు. గురువారం పద్నాలుగో అడుగుకి ఆమె తన కుర్చీలో కూర్చుంది.

మరి శుక్రవారం? కారు రెండువందల నలభై అడుగుల దూరంలో ఉంది. కారుని గేటు దగ్గరికి తెచ్చి ఎక్కించుకుందామని ఆయన అన్నాడు. అప్పుడు తన పద్నాలుగు అడుగులూ మళ్లీ కారుకే పోతాయని భార్య అంది. తను నడిచేది కుర్చీ దాకానే, తర్వాత సంగతి మీరు చూసుకోండంది. దాన్ని పక్కింటి అన్నదమ్ములు తేల్చేశారు. కుర్చీతో సహా ఎత్తుకుపోతామన్నారు.

అలాగే జరిగింది. ఆమె నడిచి వచ్చి కూర్చుంది. అన్నదమ్ములిద్దరూ చెరోవైపు పట్టుకుని ఎత్తారు. ఆయన వెనక వీపు ఆనించి పట్టుకున్నాడు. గొడుగాయన ఊరుకోలేదు, పక్కనే నడుస్తూ ఆమె నెత్తిన గొడుగు పట్టాడు.

"ఉత్సవ విగ్రహాన్ని ఊరేగించినట్టుందమ్మా," అంది ఎదురొచ్చిన ఇస్త్రీ ఆమె. శుక్రవారం బట్టలు ఇళ్లకి చేర్చే రోజు కాబట్టి ఆమె నెత్తిన మూట ఉంది, బండి లేదు.

"హారతేదీ మరి?" అంది భార్య పైనుంచి.

తిరిగి రావడానికి కుర్చీ కావాలి కాబట్టి దాన్ని కారు డిక్కీలో పడేసి తాడుతో కట్టారు. అప్పుడు ఆయన వెనక్కి తిరిగి వీధిలోకి చూశాడు. తన చోటు ఖాళీగా ఉంది. కుర్చీ లేదు, బండి లేదు, మనిషి లేడు. ఒక ఇటుక కూడా లేదు. ఎదురింటాయన తన గేటు ముందు నిలబడి వేలికి తాళంచెవి తగిలించి తిప్పుతున్నాడు.

వెనక్కి పరిగెత్తి ఏదైనా పెట్టొద్దామనుకున్నాడు. ఆసుపత్రికి వేళ మించిపోతోంది. కారు పోనిచ్చాడు.

రోజంతా ఆసుపత్రి వరండాలో కూర్చుని ఆయన చూసింది ఒక్కటే దృశ్యం. ఆ రెండో కారు మెల్లగా వెనక్కొచ్చి, నాలుగు గుంటల్నీ కప్పేసి, ఇంజను ఆపేస్తుంది. చట్టం ప్రకారం తప్పేమీ కాదు. ఇక ఆమె ఎక్కడికి నడుస్తుంది?

సాయంత్రం అయిదింటికి బడి గోడ దగ్గర కారు ఆపి అన్నదమ్ములకి ఫోను చేశాడు. వాళ్లొచ్చి కుర్చీ దించారు, ఆమెను కూర్చోబెట్టి ఎత్తారు. వీధిలోకి తిరిగారు. దూరం నుంచే ఆయనకి తన గేటు ముందు ఏదో కనిపించింది. చోటు ఖాళీగా లేదు.

ఇంకొంచెం దగ్గరికొచ్చారు. అది కారు కాదు. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. అందులో ఎదురింటాయన పంచె మోకాళ్ల మీదికి లాక్కుని పేపరు చదువుతున్నాడు. కుర్చీ కింద తాగేసిన టీ గ్లాసులు రెండున్నాయి. చాలాసేపట్నుంచే కూర్చున్నట్టుంది.

వీళ్లని చూసి ఆయన పేపరు దించాడు. ఏడాది తర్వాత మొదటిసారి మాట్లాడాడు. "ఖాళీగా వదిలేసి వెళ్లిపోయారేంటి మాస్టారూ? ఎవడో ఒకడు కారు పెట్టేయడూ?"

కుర్చీలోంచి భార్య అంది, "ఆ ఎవడో ఒకడు మీరే కదండీ?"

ఎదురింటాయన పేపరు మడిచాడు. మళ్లీ ఇంకో మడత పెట్టాడు.

"అందుకేనమ్మా," అన్నాడు, "నేనే వచ్చి కూర్చున్నా."

చెప్పి లేవబోయాడు. ఆమె చేత్తోనే వద్దని వారించింది. ఆసుపత్రి నుంచి వచ్చిన అలసట, కాబట్టి అన్నదమ్ములు ఆమెను అలాగే లోపలికి మోసుకుపోయి మంచం మీద దించారు. టేకు కుర్చీని తిరిగి బయటికి తెచ్చారు. దాని గుంటల మీద ఎర్ర కుర్చీ ఉంది, అందులో ఎదురింటాయన ఉన్నాడు. ఆయన్ని లేపడం ఎందుకని దాన్ని ఆయనకి అవతల, గేటుకి ఇంకాస్త దూరంగా వేశారు. నీలంగేటాయన గేటు దగ్గర నిలబడి ఆ దూరాన్ని కంటితో కొలుచుకున్నాడు. జరపమని చెబుదామని నోరు తెరిచాడు. ఎందుకో చెప్పలేదు.

చీకటి పడ్డాక ఎదురింటాయన ఇంటికి వెళ్లాడు. ఎర్ర కుర్చీని తీసుకెళ్లలేదు.

శనివారం పొద్దున అందరికంటే ముందు గొడుగాయన వచ్చాడు. గేటుకి దగ్గరగా ఉన్నది ఎర్ర కుర్చీ కాబట్టి అందులో కూర్చున్నాడు. సంచీ కింద పెట్టుకున్నాడు. మంచినీళ్లు అడగబోతుంటే గేటు తెరుచుకుంది.

ఆమె భర్త చెయ్యి పట్టుకుని వస్తోంది. ముసలాయన లేవబోయాడు. "కూర్చోండి బాబాయిగారూ," అంది, "నా కుర్చీ అదుగో."

ఆయన పెదాలు కదులుతున్నాయి. పది. పదకొండు. పన్నెండు. ఎర్ర కుర్చీ పక్కకి వచ్చారు. పదమూడు.

పద్నాలుగు దగ్గర అలవాటుగా ఆయన ఆగిపోయాడు. ఆమె ఆగలేదు.